నల్లా వచ్చింది, నెట్టు ఎందుకు రాలె?

సర్కారు ఊరికి వచ్చుడు ఎప్పుడో బందయింది. ఇప్పుడు ఊరే సర్కారు దగ్గరికి పోవాలె. అది కూడా బస్సెక్కి కాదు, తీగ మీద పోవాలె. డిగ్రీల సీటు కావాలంటే దోస్త్‌ల దరఖాస్తు పెట్టాలె. 2016 నుంచి ఇదే పద్ధతి. ఇంజినీరింగ్ సీటుకు వెబ్ ఆప్షన్లు. సర్కారు కొలువుకు దరఖాస్తు ఆన్‌లైన్‌ల, హాల్ టికెట్ ఆన్‌లైన్‌ల, కీ ఆన్‌లైన్‌ల, ఫలితం ఆన్‌లైన్‌ల. ఎకరం భూమి రిజిస్ట్రేషన్ కావాలన్నా ముందుగాల స్లాట్ బుక్ చేసుకోవాలె. రేషన్ బియ్యానికి ఈ-పాస్ యంత్రం మీద వేలు పెట్టాలె. ఉపాధి హామీల మట్టి తవ్విన కూలీకి కూడా, పనికాడ రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌ల ఎక్కిస్తేనే హాజరు అని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిన్రు. ఫొటో ఎక్కకపోతే తవ్విన మట్టి తవ్వినట్టే ఉంటది, కూలి మాత్రం రాదు.

అంటే ఏందన్నట్టు? తీగ లేని ఊరికి సర్కారు లేనట్టే. చదువు లేనట్టే, కొలువు లేనట్టే.

అయినా ఇంటర్నెట్ అనంగనే "పోరగాండ్లు సినిమాలు చూసుడే కదా, అది లేకపోతే ఏం మునిగింది?" అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నరు. మేము వాళ్లను ఒక్కటే అడుగుతున్నం. మీ ఇంట్ల నెట్టు ఒక్క దినం బందయితే కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ కొడ్తరు? మీ పిల్లల క్లాసులు, మీ బ్యాంకు పనులు, మీ ఆఫీసు ఫైళ్లు అన్నీ దాని మీదనే నడుస్తున్నప్పుడు, అదే తీగ ఊరోళ్లు అడిగితే సోకు ఎట్లయితది?

కరోనా కాలం మర్చిపోయినమా? 2020 సెప్టెంబర్ 1 నుంచి మన సర్కారు బడి పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లల్ల పాఠాలు వచ్చినయ్. టీవీల పాఠం వస్తది గాని, టీవీని సందేహం అడగలేం కదా. నెట్టున్న ఇంటి పిల్లలు టీచర్‌తోని మాట్లాడుకుంట చదువుకున్నరు. నెట్టు లేని పిల్లలు చెట్లెక్కి, మిద్దెలెక్కి, గుట్టలెక్కి సిగ్నల్ కోసం తిరిగిన్రు. 2017-18ల కేంద్రం చేయించిన జాతీయ నమూనా సర్వేల తేలిన లెక్క ఇది. దేశంల పట్నం ఇళ్లల్ల నూటికి 42 ఇళ్లకు ఇంటర్నెట్ సౌలత్ ఉంటే, ఊరి ఇళ్లల్ల నూటికి 15 కూడా లేవు. ఆ తర్వాత ఫోన్లు పెరిగినయ్, నిజమే. కాని ఫోన్ల నెట్టు వేరు, ఇంట్ల నెట్టు వేరు. ఈ తేడానే అందరికి తెలియాలె.

ఫోన్ ఉన్నది కదా అంటే సరిపోతదా?

టవర్ నుంచి వచ్చే నెట్టు చెరువు తూము అసొంటిది. పారే నీళ్లు అన్నే ఉంటయ్, పొలాలు ఎన్ని ఉంటే అన్ని వాటాలు పడ్తయ్. పొద్దుందాక బాగనే ఉంటది. రాత్రి ఏడు గంటలకు పొలాల నుంచి, పనుల నుంచి అందరు ఇంటికి చేరి ఒక్కసారే ఫోన్ పట్టుకుంటరు. ఫోన్ మీద 4జీ అని గుర్తు కనబడ్తది, పేజీ మాత్రం తెరుచుకోదు. టవర్‌కు ఫైబర్ తీగ లేకుండ గాలి తరంగాలతోనే అనుసంధానం ఉన్న కాడనైతే ఇంకింత కష్టం. కరెంటు పోయి, టవర్ బ్యాటరీ దిగిపోతే అది కూడా ఉండది. మన ఊర్లల్ల పిల్లలు చదువుకునేది రాత్రి పూటనే. నెట్టు ఆగమయ్యేది కూడా ఆ పూటనే.

ఇగ పైసల లెక్క చూద్దాం. 2024 జులైల ప్రైవేటు మొబైల్ కంపెనీలు ఒక్క వరుసల రేట్లు పెంచినయ్. జియోల రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్యాకు 239 నుంచి 299 రూపాయలయింది. అది నెలకు కాదు, 28 రోజులకే. అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించుకోవాలె. ఇంట్ల మూడు ఫోన్లుంటే ఒక్క విడతకు 897 రూపాయలు, ఏడాదికి 11,661 రూపాయలు. ఇంటికే ఒక ఫైబర్ తీగ వచ్చి, మన సర్కారు ప్రకటించిన 300 రూపాయల ధరకే అందితే ఏడాదికి 3,600 రూపాయలు. మాట్లాడేటందుకు ఫోన్‌ల చిన్న ప్యాకు ఎట్లాగూ ఉండాలె. మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు వేరుగ పెట్టాలని 2024 డిసెంబర్‌ల ట్రాయ్ ఆదేశమిచ్చింది. ఆ ఖర్చు కలిపినా తీగ ఉన్న ఇల్లే తక్కువ కడ్తది, ఎక్కువ వాడుకుంటది. అంటే ఊరోడు నెట్టు లేక తక్కువ ఖర్చు పెడ్తలేడు. నాసి నెట్టుకు ఎక్కువ ఖర్చు పెడ్తున్నడు. పట్నపోడికి చవుక, పల్లెటూరోడికి పిరం. ఇదేం న్యాయం?

పదిహేనేండ్ల మాట

ఊరూరికి ఫైబర్ అన్నది కొత్త ముచ్చట కాదు. 2011 అక్టోబర్‌ల కేంద్ర క్యాబినెట్ జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఒప్పుకున్నది. దేశంల ఉన్న రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ వేస్తమన్నరు. 20 వేల కోట్లు అన్నరు. రెండేండ్లల్ల పూర్తి అన్నరు. పంచాయతీకి 100 ఎంబీపీఎస్ వేగం అన్నరు. ముందుగాల మూడు మండలాలల్ల, 59 పంచాయతీలల్ల ప్రయోగం చేసిన్రు. అందుల ఒకటి నాటి ఉమ్మడి రాష్ట్రంల విశాఖ జిల్లా పరవాడ.

రెండేండ్లు పోయినయ్. పథకం పేరు మారి భారత్‌నెట్ అయింది. మొదటి దశ లక్ష పంచాయతీలు పూర్తయ్యేటాళ్లకు 2017 డిసెంబర్ వచ్చింది. ఆ ఏడాదే రెండో దశకు ఒప్పుకున్నరు, మొత్తం ఖర్చు 42 వేల కోట్లు దాటింది, గడువు 2019 మార్చి అన్నరు. ఆ గడువు కూడా పోయింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీదికెళ్లి ప్రధాని, వెయ్యి దినాలల్ల ఆరు లక్షల ఊర్లకు ఫైబర్ అన్నరు. ఆ వెయ్యి దినాలు 2023 మేల నిండినయ్. నిండిన మూడు నెలలకు, అదే ఏడు ఆగస్టుల ఇంకో పథకం వచ్చింది. ఈసారి లక్షా 39 వేల 579 కోట్లు. ఐదేండ్లల్ల కోటిన్నర గ్రామీణ ఇళ్లకు కనెక్షన్లు అంటున్నరు.

గడువు దాటినప్పుడల్లా కొత్త గడువు వస్తది, కొత్త పేరు వస్తది, కొత్త అంకె వస్తది. పాత గడువుకు లెక్క చెప్పేటోడు మాత్రం రాడు.

పైసలు లేవా అంటే ఉన్నయ్. టెలికాం కంపెనీల ఆదాయంలకెళ్లి 5 శాతం పల్లె సేవల కోసం ప్రత్యేక నిధికి పోవాలని రూలున్నది. 2002ల పుట్టిన ఈ నిధికి 2003ల చట్టం అండ దొరికింది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. కంపెనీలు ఆ పైసలు ఎక్కడికెళ్లి తెస్తయ్? మనం వేయించే రీచార్జిలకెళ్లే. ఊరోడు రీచార్జి చేసినప్పుడల్లా ఊరి తీగ కోసం తన వాటా కట్టిండు. ఆ నిధిల పెద్ద మొత్తం ఏండ్ల తరబడి ఖర్చు కాకుండ పడి ఉన్నది. కనుక మేము అడిగేది దానం కాదు, మేము కట్టిన పైసలకు లెక్క.

నీళ్ల కందకంల వేసిన పైపు

మన రాష్ట్రం సంగతికి వద్దాం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల మిషన్ భగీరథ మొదలయింది. లక్ష కిలోమీటర్లకు పైగా పైపులు వేసిన్రు. నీళ్ల పైపు కోసం తవ్విన కందకంలనే ఫైబర్ కోసం ఇంకో చిన్న పైపు వేస్తే తవ్వుడు ఖర్చు మిగులుతదని ఆలోచన చేసిన్రు. మంచి ఆలోచన. ఫైబర్ పనుల పెద్ద ఖర్చు తీగది కాదు, తవ్వుడుదే. ఆ పనికే టీ ఫైబర్ అని ప్రత్యేక కార్పొరేషన్ పెట్టిన్రు. పల్లెలల్ల 63 లక్షల ఇళ్లకు, పట్నాలల్ల 30 లక్షల ఇళ్లకు ఇస్తమన్నరు.

ఇంటింటికి నల్లా వచ్చింది. నెట్టు రాలె. 2024 డిసెంబర్ 8న కొత్త సర్కారు టీ ఫైబర్ సేవలను మొదలుపెట్టింది. నెలకు 300 రూపాయలు, 20 ఎంబీపీఎస్ వేగం, దాంతోపాటు టీవీ, ఫోన్. మంచిదే. కాని ముందుగాల ఇచ్చింది పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, నారాయణపేట జిల్లా మద్దూరు అసొంటి నాలుగైదు ఊర్లకే. 2018ల తండాలను పంచాయతీలు చేసినంక మన రాష్ట్రంల పంచాయతీలు 12,751 అయినయ్. నాలుగూర్లకు రిబ్బన్ కట్ చేసుడు తేలిక. మిగిలిన 12 వేల చిల్లర ఊర్ల వంతు ఎప్పుడని అడిగితేనే జవాబు కష్టం. ఒక సర్కారు కందకం తవ్వింది, ఇంకో సర్కారు రిబ్బన్ కట్ చేసింది. ఈ రెండింటి నడుమ ఊరోడి ఇల్లు అట్లనే ఉన్నది. మాకు ఏ జెండా మీద పగ లేదు, ఏ జెండా మీద మోజు లేదు. ఇంట్ల దీపం వెలిగిందా లేదా అన్నదే మా లెక్క.

డబ్బా వచ్చింది, తాళం పడ్డది

అసలు ఎక్కడ ఆగుతున్నది? మొదటిది, లెక్క పెట్టే పద్ధతిల మోసమున్నది. మండల కేంద్రం నుంచి పంచాయతీ ఆఫీసు దాక తీగ వచ్చి, అక్కడ డబ్బా ఒకటి పెడితే ఆ ఊరు 'సర్వీస్ రెడీ' అని కాగితం మీద ఎక్కుతది. ఆ డబ్బా నుంచి ఒక్క ఇంటికి కూడా తీగ పోకపోయినా సరే, ఊరు రెడీనే. పైన చెప్పుకున్న 100 ఎంబీపీఎస్‌ను 500 ఇళ్లున్న ఊరికి పంచితే, అందరు ఒక్కసారే వాడితే ఇంటికి వచ్చేది 0.2 ఎంబీపీఎస్. కేంద్రమే 2023 జనవరిల, 2 ఎంబీపీఎస్ కన్నా తక్కువుంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొద్దని రూలు పెట్టింది. 2004ల అది 256 కేబీపీఎస్, 2013ల 512 కేబీపీఎస్. పట్నంల వందల ఎంబీపీఎస్‌లు అమ్ముతున్న కాలంల ఊరికి ఇంకా పాత కొలతేనా?

రెండోది, తీగ పోయే తొవ్వ. మొదట్ల వేసిన తీగలు చాలా కాడ ఒక్క వరుసల పోతయ్, చెట్టు కొమ్మ లెక్క. మధ్యల ఒక్క కాడ తెగితే దాని అవతల ఊర్లన్నీ బంద్. రోడ్డు వెడల్పు చేసేటందుకు జేసీబీ వస్తది, తీగ తెగుతది. వాగుకు వరద వస్తది, తీగ పోతది. పైన స్తంభాలకు వేలాడేసిన కాడ కోతులు పట్టుకోని ఊగుతయ్. అదే గుండ్రంగ తిప్పి వేస్తే, ఒక దిక్కు తెగినా ఇంకో దిక్కుకెళ్లి నెట్టు నడుస్తది. ఈ ఇంగితం 2023 పథకంల రాసిన్రు. రాతల ఉన్నది నేల మీదికి రావాలె.

మూడోది, కరెంటు. ఫైబర్ తీగకు కరెంటు అక్కర లేదు, దాని కొసకున్న డబ్బాకు కావాలె. పంచాయతీ ఆఫీసుల బ్యాటరీ పాడయితే మార్చేటోడు ఉండడు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలె, తాళం ఎవరి దగ్గర ఉండాలె అన్నదే తెగని పంచాయితీ అయిన ఊర్లున్నయ్. సాయంత్రం ఆఫీసు మూసి, మెయిన్ బంద్ చేసి పోతే ఊరి నెట్టు కూడా వాళ్లతోనే ఇంటికి పోతది.

నాలుగోది, మనుషులు. 2020 జనవరిల బీఎస్ఎన్ఎల్‌కెళ్లి 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణల బయటకు పోయిన్రు. ఊర్లల్ల స్తంభమెక్కి తీగ చూసే లైన్‌మన్, కేబుల్ జాయింట్ చేసే మనిషి వాళ్లల్లనే ఉన్నరు. తీగలు పెంచుకుంట, చూసేటోళ్లను తగ్గించుకుంట పోతే ఏమయితది? ఫిర్యాదు చేస్తే నంబర్ వస్తది, మనిషి రాడు. మేము తిరిగిన ఊర్లల్ల కనెక్షన్ పెట్టించుకున్నోళ్లు చెప్పే బాధ కూడా ఇదే. నెట్టు వేగం మీద కాదు వాళ్ల ఏడుపు, తెగినంక ఎన్ని రోజులకు బాగయితదో తెలియదని.

పక్కోళ్లు ఏం చేస్తున్నరు?

కేరళ సర్కారు ఇంటర్నెట్‌ను ప్రజల హక్కు అన్నది. 2023 జూన్ 5న కేఫోన్ మొదలుపెట్టి, కరెంటు బోర్డు స్తంభాల మీదనే తీగ తీసుకపోయింది. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగ ఇస్తమని చెప్పి, మొదటి విడతల నియోజకవర్గానికి 100 చొప్పున 14 వేల ఇళ్లను తీసుకున్నది. చెప్పిన దానికి, చేసిన దానికి అక్కడ కూడా దూరమున్నది. కాని పేదోడి ఇంటిని లెక్కల మొదటి వరుసల పెట్టింది. అదే కేరళ హైకోర్టు 2019ల, ఒక హాస్టల్ విద్యార్థిని కేసుల, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కుల భాగమేనని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌ల 2017 డిసెంబర్‌ల కరెంటు స్తంభాల మీదికెళ్లి తీగ వేసి 149 రూపాయలకు మొదలుపెట్టిన్రు. ఆ తర్వాత దాని నడకల ఎన్నో చిక్కులు వచ్చినయ్. కాని స్తంభం ఊరూరికి ఉన్నప్పుడు తీగకు తొవ్వ లేదనే సాకు చెల్లదని అది చూపెట్టింది. మన కాడ స్తంభాలు లేవా? పైగా నీళ్ల కందకం కూడా ఉన్నది.

ఇప్పుడు ఆకాశంకెళ్లి నెట్టు వస్తది, తీగలెందుకు అనేటోళ్లు బయలుదేరిన్రు. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌ల కేంద్రం లైసెన్సు ఇచ్చింది. అడవుల నడుమ గూడేలకు, తీగ పోలేని గుట్టలకు అది అక్కరకొస్తది, మేము కాదనం. కాని పైన ఛత్రి, కింద డబ్బా, నెలనెలా బిల్లు కలిపితే కైకిలి చేసుకునే ఇంటికి అందుతదా? గాలి మీద వచ్చే ఎయిర్ ఫైబర్లు కూడా టవర్ మీద ఆధారపడ్డవే. ఇవన్నీ ఫైబర్‌కు తోడు కావచ్చు గాని, దాని జాగల కూసునేటివి కావు. ఆకాశాన్ని చూపెట్టి నేల మీది బాకీ ఎగ్గొడ్తమంటే ఊకునేది లేదు.

మేము అడిగేది

పంచాయతీలను కాదు, ఇళ్లను లెక్కపెట్టాలె. ఏ మండలంల ఎన్ని ఇళ్లకు తీగ పోయింది, ఎన్ని నడుస్తున్నయ్ అన్నది నెలనెలా బయట పెట్టాలె. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, గ్రంథాలయం, వీటికి ముందుగాల ఇయ్యాలె. తీగ తెగితే ఇన్ని గంటలల్ల బాగు చేయాలని గడువుండాలె. గడువు దాటితే ఆ రోజుల బిల్లు కోసేయాలె. ఊర్లె చదువుకున్న పిల్లలకు, ఇప్పటికే టీవీ తీగలు చూసుకుంటున్న కేబుల్ ఆపరేటర్లకు ఈ పని అప్పజెప్పాలె. వచ్చిన దాంట్ల సగం వాటా ఇచ్చే పద్ధతి భారత్‌నెట్‌ల ఇప్పటికే ఉన్నది. అది కాగితం మీద ఉంటే చాలదు, సామాన్లు, శిక్షణ, సకాలానికి పైసలు కూడా రావాలె. తీగ జాయింట్ చేసుడు నేర్పితే మండలానికి పది మందికన్నా బతుకుదెరువు దొరుకుతది. తండాలను, గూడేలను 'తర్వాత చూద్దాం' అనే జాబితాల వేయొద్దు. తీగ పోలేని కాడికి ఏ తొవ్వల ఇస్తరో ఇప్పుడే రాసివ్వాలె.

అప్పటిదాక ఇంకొకటి. నెట్టు లేని కాడ నెట్టును తప్పనిసరి చేయొద్దు. సర్వర్ డౌన్ అయితే కూలీ పైసలు కోయొద్దు, రేషన్ ఆపొద్దు, దరఖాస్తు గడువు దాటిందని పిల్లలను పంపించొద్దు. పంచాయతీ కార్యదర్శులు, టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు తమ జేబుల పైసలతోని డేటా వేయించుకోని సర్కారు రిపోర్టులు ఎక్కిస్తున్నరు. ఆలస్యమైతే మెమో కూడా వాళ్లకే. తీగ ఇయ్యని సర్కారుకు మెమో ఇచ్చే హక్కు ఎక్కడిది? ఉద్యోగ సంఘాలు పీఆర్సీ, డీఏల పక్కన ఈ డిమాండ్‌ను కూడా పెట్టాలె.

2025 డిసెంబర్‌ల ఊరూర కొత్త సర్పంచులు గెలిచిన్రు. సీసీ రోడ్డు, మోరీ, వీధి దీపంతోపాటు ఇది కూడా వాళ్ల పనే అని గుర్తు చేద్దాం. విద్యార్థులారా, మీకు పెద్ద సభలు అక్కర లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుల మూడు ప్రశ్నలు రాయండి. మా పంచాయతీకి ఫైబర్ తీగ వచ్చిందా, ఎన్నడు వచ్చింది? ఆ డబ్బా పోయిన మూడు నెలలల్ల ఎన్ని రోజులు నడిచింది? దానికెళ్లి ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చిన్రు? వచ్చిన జవాబును గ్రామసభల అందరి ముందట చదవండి, తీర్మానం చేయించండి. మండలంల పది ఊర్లు ఇట్ల చేస్తే జిల్లాకు కదలిక వస్తది. జిల్లా కదిలితే రాజధానికి వినబడ్తది.

నీళ్లు అడిగితేనే నల్లా వచ్చింది. తీగ కూడా అడగంది రాదు.